అరెస్టయిన మనిషి ఆచూకీ: ఒడిశా సరిహద్దులో ఏ నంబరు పట్టుకుని వెతకాలి

రాయగడ కోర్టులో వకీలు గుమాస్తాగా పనిచేసే నా దగ్గరకు, కేసు ఎలా నడుస్తోందని అడగడానికి వచ్చేవారి కంటే అసలు మనిషి ఎక్కడ ఉన్నాడో చెప్పమని వచ్చేవారే ఎక్కువ. కొమరాడ, కురుపాం, భామిని వైపు నుంచి ఒడిశాలోకి కూలి పనికి వచ్చినవారు, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ఊళ్ళలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు, సరుకు లారీ తోలుకుంటూ వచ్చి ఏదో తనిఖీ దగ్గర ఆగిపోయినవారు, వీళ్ళందరి ఇళ్ళవారికీ మొదట తెలిసేది ఫోను స్విచాఫ్ వస్తోందన్న సంగతి మాత్రమే. "బాబూ, మా గుంటణ్ణి ఏ టేసనుకి అట్టుకెళ్ళిపోనారో తెలీడం లేదు" అని అడిగే తల్లికి చట్టం మొత్తం వివరించి ప్రయోజనం లేదు. ఏ గుమ్మం ముందు నిలబడాలో, అక్కడ ఏ నంబరు అడగాలో చెప్పాలి. అది రాసి పెడితే దూరాన ఉన్నవారికి కూడా పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఈ సంగతులు విని ఆశ్చర్యపోయాడు. "మామయ్యా, ఇక్కడ పల్లెటూరి కౌంటీలో కూడా ఎవరినైనా జైల్లో పెడితే షెరీఫ్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోవచ్చు, ఫొటోతో సహా వస్తుంది. మీ దగ్గర అలాంటిది లేదా?" అన్నాడు. అతను చెప్పినది చాలావరకు నిజమే. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో కౌంటీ జైలును నడిపేది ప్రజలు ఎన్నుకున్న షెరీఫ్. పట్టుబడిన మనిషి పేరు, వేలిముద్రలు, ఫొటో, ఆరోపణ అక్కడే నమోదు చేసి బుకింగ్ నంబరు ఇస్తారు, ఆ పట్టికను చాలా కౌంటీలు అందరికీ కనిపించేలా ఉంచుతాయి. అయితే ఒక్క టెక్సాస్‌లోనే 254 కౌంటీలున్నాయి కనుక ఏ కౌంటీయో తెలియకపోతే అక్కడా వెతుకులాట తప్పదు. వెబ్‌సైటులో పట్టిక పెట్టని చిన్న కౌంటీలో జైలుకు ఫోను చేసి అడగవలసిందే. కోర్టు కాగితాలు క్లర్కు కార్యాలయంలో విడిగా ఉంటాయి, రాష్ట్ర జైళ్ళకూ ఫెడరల్ జైళ్ళకూ మళ్ళీ వేర్వేరు పట్టికలుంటాయి. ఆ ఫొటోలను ఏరి తమ సైట్లలో పెట్టుకుని, తీసేయాలంటే డబ్బు కట్టమనే వ్యాపారం కూడా అక్కడ పుట్టడంతో దాన్ని ఆపడానికి కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసుకోవలసి వచ్చింది. కాలిఫోర్నియాలో 2022 నుంచి, హింసతో సంబంధం లేని నేరాల్లో పట్టుబడినవారి ఫొటోలను కొన్ని మినహాయింపులు తప్ప పోలీసులు సోషల్ మీడియాలో పెట్టకూడదు.

మన పద్ధతి వేరు. అరెస్టు పోలీసుల పని, రిమాండు మేజిస్ట్రేటు పని, జైలు రాష్ట్ర కారాగార శాఖ పని. ముగ్గురి దగ్గరా మూడు రిజిస్టర్లు, మూడు నంబర్లు ఉంటాయి. మనిషి పేరుతో వెతికితే దొరకని సమాచారం వీటిలో ఏ ఒక్క నంబరుతో వెతికినా దొరుకుతుందన్నది నా అనుభవం. అందుకే వచ్చినవారిని నేను మొదట ఠాణా పేరు, ఆ తరువాత కేసు నంబరు, ఏ సంవత్సరం అన్నవి అడుగుతాను, మనిషి పేరు చివర అడుగుతాను.

చట్టం మాత్రం ఈ విషయంలో బలహీనంగా ఏమీ లేదు. 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, అరెస్టు చేసిన అధికారి అక్కడికక్కడే మెమో రాయాలి. దాని మీద ఇంటివారో ఊరి పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి సంతకం కూడా ఉండాలి. అరెస్టు చేసిన సంగతీ, ఉంచిన చోటూ 12 గంటల్లోగా జిల్లా కంట్రోల్ రూముకు చేరాలి, అక్కడి నోటీసు బోర్డు మీద అందరికీ కనబడేలా రాయాలి. మన సరిహద్దు మనుషులకు ఎక్కువగా పనికొచ్చే వాక్యం ఆ తీర్పులో మరొకటి ఉంది: బంధువులు వేరే జిల్లాలోనో వేరే ఊళ్ళోనో ఉంటే, జిల్లా న్యాయ సహాయ సంస్థ ద్వారానూ వారుండే ప్రాంతపు ఠాణా ద్వారానూ 8 నుంచి 12 గంటల్లోగా వారికి కబురు చేయాలి. అంటే పార్వతీపురం మనిషిని రాయగడలో పట్టుకుంటే, పార్వతీపురం ఠాణాకు సమాచారం రావాలి. ఇంటివారు ఒడిశాకు బయలుదేరే ముందు తమ ఊరి స్టేషనులో ఒకసారి అడగమని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఈ నియమాలు తరువాత శాసనంలోకి కూడా వచ్చాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41సి సెక్షనుగా ఉన్నది, 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 37వ సెక్షను అయింది. దాని ప్రకారం ప్రతి జిల్లాలోనూ ప్రతి ఠాణాలోనూ ఏ.ఎస్.ఐ.కి తగ్గని హోదా ఉన్న ఒక అధికారిని నియమించాలి; అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, మోపిన నేరం ఏ రకమైనదో ఆ అధికారి రాసి ఉంచాలి; ఆ వివరాలు ప్రతి ఠాణాలోనూ జిల్లా కేంద్రంలోనూ స్పష్టంగా ప్రదర్శించాలి. డిజిటల్ పద్ధతిలో ప్రదర్శించినా చెల్లుతుంది. 48వ సెక్షను ప్రకారం బంధువులకో స్నేహితులకో కబురు చేసి, ఎవరికి చెప్పారో ఠాణాలోని పుస్తకంలో రాయాలి. వారంటు మీద వేరే జిల్లాలో అరెస్టు చేసినప్పుడు, ఆ మనిషి సాధారణంగా నివసించే జిల్లాలోని నియమిత అధికారికి వెంటనే తెలియజేయాలని 82వ సెక్షను చెబుతుంది.

కాగితం మీద ఇంత పకడ్బందీగా ఉన్నా, నేను చూసిన ఠాణాల్లో కొన్నింటిలో ఆ బోర్డు మీద అధికారుల ఫోను నంబర్లు ఉంటాయి గాని అరెస్టుల వరుస ఖాళీగా ఉంటుంది. మరికొన్నింటిలో శుభ్రంగా రాస్తారు. అడిగేవాడు లేకపోవడమే ఖాళీకి ముఖ్య కారణమని నా అభిప్రాయం. బోర్డు ఖాళీగా ఉంటే గొడవపడకుండా, "37వ సెక్షను కింద ఉన్న అధికారి ఎవరండీ, వారిని కలవాలి" అని అడిగితే చాలాసార్లు రిజిస్టరు బయటికి వస్తుంది. ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆంధ్రాలో స్టేషనుకు పెద్ద సి.ఐ. లేదా ఎస్.ఐ. అని అలవాటుపడినవారు, ఒడిశాలో ఐ.ఐ.సి. అనే ఇన్‌స్పెక్టరును అడగాలి. చిన్న ఠాణా అయితే ఓ.ఐ.సి. అనే ఇన్‌చార్జి అధికారి ఉంటారు. అవుట్‌పోస్టును ఇక్కడివారు ఫాండి అంటారు. అక్కడ మనిషిని కాసేపు కూర్చోబెట్టినా కేసు నమోదయ్యేది ఠాణాలోనే కనుక, ఫాండి దగ్గర జవాబు దొరకకపోతే అది ఏ ఠాణా కిందకు వస్తుందో తెలుసుకుని అక్కడికి వెళ్ళాలి.

నంబర్ల సంగతికి వస్తాను. ఆంధ్రాలో ఎఫ్.ఐ.ఆర్.ను క్రైం నంబరు అంటారు, కోర్టుకు వెళ్ళాక అది సి.సి. (క్యాలెండర్ కేస్) నంబరు అవుతుంది. ఒడిశాలో ఎఫ్.ఐ.ఆర్.కు ఠాణా పేరుతో కలిపి పి.ఎస్. (పోలీస్ స్టేషన్) కేస్ నంబరు ఇస్తారు, అది మేజిస్ట్రేటు కోర్టుకు చేరగానే జి.ఆర్. (జనరల్ రిజిస్టర్) కేస్ నంబరు పడుతుంది. ఈ రెండూ వేరు వేరు అంకెలు. పి.ఎస్. నంబరు ఆ ఠాణాలో ఆ సంవత్సరం ఎన్నో కేసో చెబుతుంది, జి.ఆర్. నంబరు ఆ కోర్టులో అన్ని ఠాణాల నుంచి వచ్చినవాటిలో ఎన్నోదో చెబుతుంది. పి.ఎస్. నంబరు పట్టుకుని కోర్టులో జి.ఆర్. పుస్తకం వెతికితే ఎవరిదో వేరే కేసు చేతికొస్తుంది. ఎస్.డి.జె.ఎం. (సబ్‌డివిజనల్ జుడీషియల్ మేజిస్ట్రేటు) కోర్టులో కోర్టు పనులు చూసే పోలీసు అధికారి ఉంటారు, ఠాణా నుంచి వచ్చిన కాగితాలను రిజిస్టరులో ఎక్కించేది వారి కార్యాలయమే. ఒక నంబరు ఇచ్చి రెండో నంబరు తెలుసుకోవడానికి ఆ గది కంటే మంచి చోటు లేదు. రాయగడకు ఒక ఎస్.డి.జె.ఎం. కోర్టు, గుణుపురానికి వేరే ఎస్.డి.జె.ఎం. కోర్టు ఉన్నాయి కనుక, ఠాణా ఏ సబ్‌డివిజనులో ఉందో ముందే చూసుకోవాలి.

కొన్ని అరెస్టులు ఠాణా పుస్తకంలోకే రావు. ఇప్పసారా, నాటుసారా కేసుల్లో ఎక్సైజు శాఖ తానే అరెస్టు చేసి కోర్టుకు పంపుతుంది, వాటికి కోర్టులో 2(ఎ) సి.సి. అన్న వరుస ఉంటుంది. కలప, అడవి జంతువుల కేసులు అటవీ శాఖవి, వాటిది 2(బి) సి.సి. వరుస. రైల్లోనో స్టేషను ప్లాట్‌ఫారం మీదనో పట్టుకుంటే రైల్వే పోలీసుల ఠాణాకు తీసుకెళ్తారు, ఊరి ఠాణాలో ఎంతసేపు అడిగినా వారికి నిజంగానే తెలియదు. గంజాయి కేసులు ప్రత్యేక కోర్టుకు వెళ్తాయి, ఆ కోర్టు రిజిస్టరు వేరు. ఈ సరిహద్దులో లారీ డ్రైవర్లూ క్లీనర్లూ ఇరుక్కునేది ఎక్కువగా వాటిలోనే. ఇవేవీ కాకుండా, గొడవ జరగకుండా ముందుజాగ్రత్తగా సంహిత 170వ సెక్షను కింద పట్టుకుని 24 గంటల్లోగా వదిలేసిన సందర్భాల్లో ఎఫ్.ఐ.ఆర్. నంబరే ఉండదు, ఠాణా డైరీలో ఒక పద్దు మాత్రమే ఉంటుంది, అడిగేటప్పుడు డైరీ పద్దు నంబరూ తేదీ అడగాలి. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న చాలా కేసుల్లో అరెస్టు లేకుండా 35(3) సెక్షను నోటీసు ఇచ్చి పంపేస్తారు కూడా. అలాంటప్పుడు మనిషి పేరు అరెస్టు బోర్డు మీద లేకపోవడం సహజమే, ఆయన ఈపాటికి ఇంటికి బస్సెక్కి ఉండవచ్చు.

ఎప్పుడు ఎక్కడ వెతకాలన్నది గంటల లెక్క. అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణ సమయం మినహాయించి, మనిషిని మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణమూ సంహిత 58వ సెక్షనూ చెబుతున్నాయి. టెక్సాస్‌లో ఇదే గడువు 48 గంటలని మా మేనల్లుడు చెప్పినప్పుడు, కనీసం ఒక్క విషయంలో మన చట్టం ముందుందని నవ్వుకున్నాం. అందువల్ల మొదటి రోజు ఠాణాలోను, ఆ తరువాత కోర్టులోను, రిమాండు అయ్యాక జైలులోను వెతకాలి. ఆదివారమైనా పండుగైనా ఈ గడువు ఆగదు. సెలవు రోజుల్లో విధుల్లో ఉన్న మేజిస్ట్రేటు ముందు ప్రవేశపెడతారు, అందుకే సోమవారం దాకా ఆగుదామని కూర్చోవడం మంచిది కాదు. పొరుగు రాష్ట్రపు పోలీసులు వచ్చి ఇక్కడి మనిషిని పట్టుకుంటే సాధారణంగా దగ్గరలోని మేజిస్ట్రేటు దగ్గర ట్రాన్సిట్ రిమాండు, అంటే మనిషిని తమ రాష్ట్రానికి తీసుకెళ్ళే అనుమతి, తీసుకుని వెళ్తారు. ఆ ఉత్తర్వు కాగితం ఇక్కడి కోర్టులోనే ఉంటుంది. మనిషిని ఏ రాష్ట్రంలో ఏ కోర్టుకు తీసుకెళ్తున్నారో అందులో ఉంటుంది. కొఠియా గ్రూపు గ్రామాల్లో జరిగినవాటికి మాత్రం ఇటు పొట్టంగి వైపూ అటు సాలూరు వైపూ రెండు చోట్లా అడగమనే చెబుతాను, ఆ గ్రామాలు ఏ రాష్ట్రానివన్న వివాదమే ఇంకా తేలలేదు.

జిల్లా సరిహద్దులు కూడా మనుషులను తికమక పెడతాయి. రాయగడ, గజపతి, మల్కన్‌గిరి, నబరంగపూర్ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. అంతకు ముందు గజపతి గంజాంలోను, మిగిలిన మూడూ కోరాపుట్‌లోను ఉండేవి. ముప్పై ఏళ్ళు దాటినా పెద్దవాళ్ళు ఇంకా పాత జిల్లా పేరే చెబుతారు, వెబ్‌సైటులో ఆ జిల్లా ఎంచుకుంటే ఏమీ దొరకదు. కోరాపుట్ జిల్లా జడ్జి కోర్టు కోరాపుట్‌లో కాక జయపురంలో ఉంది. గంజాం జిల్లాకు కలెక్టరు కార్యాలయం ఛత్రపురంలో ఉంటే జిల్లా కోర్టు బరంపురంలో ఉంది, పైగా పోలీసుల లెక్కలో గంజాం, బరంపురం రెండు వేర్వేరు జిల్లాలు, ఇద్దరు ఎస్పీలు. గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు మత్స్యకారులు నన్ను ఫోనులో అడిగినప్పుడు నేను మొదట అడిగేది, వాళ్ళ ఠాణా ఏ ఎస్పీ కిందిదని.

ఇక ఇంట్లో కూర్చుని ఫోనులో చూసుకోగలిగినవి. 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని చెప్పింది. ఇంటర్నెట్ అందని కొండ ప్రాంతాలకు ఆ గడువును 48 గంటలకు, మరీ తప్పనప్పుడు 72 గంటలకు పెంచుకోవచ్చంది. ఒడిశా పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో ఎఫ్.ఐ.ఆర్. చూసుకునే వీలుంది. అయితే లైంగిక నేరాలు, పిల్లలపై నేరాలు, తీవ్రవాదానికి సంబంధించినవి వెబ్‌సైటులో పెట్టనవసరం లేదని అదే తీర్పు చెబుతుంది. మల్కన్‌గిరి, కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మావోయిస్టు కేసులు ఎక్కువగా నమోదైన చరిత్ర ఉంది కనుక, అలాంటి కేసుల్లో ఇరుక్కున్న గిరిజన కుటుంబాలకు వెబ్‌సైటు దారి మూసుకుపోయినట్లే. అలా పెట్టనప్పుడు నిందితుడో అతని తరఫువారో ఎస్పీకి దరఖాస్తు పెట్టుకుని నకలు కోరవచ్చు. కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెడితే రెండు పనిదినాల్లో ఇవ్వాలన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది. ఎఫ్.ఐ.ఆర్. దొరికినంత సులువుగా చార్జిషీటు దొరకదు. చార్జిషీట్లు ప్రజా పత్రాలు కావనీ, వాటిని వెబ్‌సైట్లలో పెట్టమనడం కుదరదనీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. నిందితుడికి మాత్రం నకలు ఉచితంగా ఇస్తారు.

ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు, దాని మొబైల్ యాప్ నా రోజువారీ పనిముట్లు. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, ఎఫ్.ఐ.ఆర్. నంబరు అన్న చోట ఠాణా పేరు, నంబరు, సంవత్సరం ఇస్తే కేసు ఏ కోర్టులో ఉందో, తరువాతి వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు ఒకటి దొరికిందంటే ఆ తరువాత రాష్ట్రం, జిల్లా ఎంచుకునే పని కూడా ఉండదు. కొత్త కేసు పుట్టిన వెంటనే అందులో కనిపించకపోవచ్చు. మొదటి కొద్ది రోజులు కోర్టు గదిలోని రిజిస్టరే నమ్మకం.

పేరుతో వెతికేవారు ఒక చిక్కు తెలుసుకోవాలి. మనం ఇంటిపేరు ముందు చెబుతాం, ఇక్కడి కాగితాల్లో అది చివరికి పోతుంది, ఒక్కోసారి పూర్తిగా రాలిపోతుంది. ఒడియాలో మన 'వ' చాలాచోట్ల 'బ'గా రాస్తారు కనుక వెంకట్రావు బెంకట్ రావు అవుతాడు. దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి ఎక్కించే కంప్యూటరు ఆపరేటరు తనకు వినిపించినట్లు ఎక్కిస్తాడు. అప్పలస్వామి, సింహాచలం లాంటి మన ఉత్తరాంధ్ర పేర్లకు ఎన్ని రూపాలు చూశానో చెప్పలేను. అందుకని పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే ఇచ్చి వెతకాలి, తరువాత తండ్రి పేరు, ఊరు పోల్చి చూడాలి. ఒకే పేరున్న వేరే మనిషి కేసును మనవాడిదే అనుకుని ఊళ్ళో చెప్పేస్తే ఆ నష్టం ఏ కాగితంతోనూ తీరదు.

కాగితాల భాష కూడా ఇంతే. ఒడిశాలో ఎఫ్.ఐ.ఆర్. ఎక్కువగా ఒడియాలోనే ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషికి ఒడియాలో రాసిన అరెస్టు కారణాలు ఇచ్చి సంతకం పెట్టించుకోవడం ఇక్కడ మామూలుగా జరిగేది. 2025 నవంబరు 6న మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో లిఖితపూర్వకంగా ఇవ్వాలనీ, వెంటనే ఇవ్వలేకపోతే కనీసం మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి రెండు గంటల ముందైనా ఇవ్వాలనీ చెప్పింది. సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఇంతకంటే ఉపయోగపడే తీర్పు ఈ మధ్యకాలంలో నాకు కనిపించలేదు. ఇంటివారు వకీలుతో మాట్లాడేటప్పుడు, ఆ కాగితం ఏ భాషలో ఇచ్చారో తప్పక చెప్పాలి.

రిమాండు అయ్యాక వెతకవలసినది జైలు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిలలో జైళ్ళున్నాయి. శిక్ష పడినవారిని, కొన్నిసార్లు విచారణలో ఉన్నవారిని కూడా పెద్ద జైళ్ళకు మారుస్తారు, ఈ ప్రాంతానికి పెద్దవి కోరాపుట్, బరంపురం సర్కిల్ జైళ్ళు. విచారణ ఖైదీని యు.టి.పి. (అండర్ ట్రయల్ ప్రిజనర్) అంటారు, లోపలికి తీసుకున్నప్పుడు నంబరు ఇస్తారు. అమెరికా కౌంటీల్లోలా జైలు మొత్తం పట్టిక తెరిచి చూసుకునే వీలు మన దగ్గర లేదు. జాతీయ కారాగార సమాచార పోర్టల్‌లో ఈ-ములాకాత్ అన్న విభాగం ఉంది. రాష్ట్రం, జైలు ఎంచుకుని, ఖైదీ పేరూ మన వివరాలూ ఇచ్చి, నేరుగానో వీడియోలోనో చూడడానికి సమయం అడగవచ్చు. పేరు జైలు రికార్డులో ఉన్నట్లే ఇవ్వాలి గనుక రిమాండు ఉత్తర్వులోని అక్షరక్రమమే వాడాలి. ములాకాత్ దరఖాస్తు ఆమోదం పొందిందంటే మనిషి అక్కడే ఉన్నాడని తేలినట్లే. మారుమూల నుంచి బస్సు మారి బస్సు ఎక్కి వచ్చే ముసలివాళ్ళకు ఇది ఎంత ఊరటో చూసినవారికే తెలుస్తుంది.

మహారాష్ట్ర వైపు నా అనుభవం తక్కువ. గడ్చిరోలి జిల్లా సిరొంచలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, కాళేశ్వరం వంతెన దాటితే తెలంగాణ. అక్కడి కాగితాలు మరాఠీలో ఉంటాయి, మేజిస్ట్రేటు కోర్టులో పోలీసు కేసుకు ఆర్.సి.సి. (రెగ్యులర్ క్రిమినల్ కేస్) నంబరు పడుతుంది. మహారాష్ట్ర పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో ఎఫ్.ఐ.ఆర్.లతో పాటు అరెస్టయిన నిందితుల వివరాలకు విడిగా ఒక పేజీ ఉంది, జిల్లా, ఠాణా, తేదీలు ఇచ్చి వెతకవచ్చు. ఈ ఒక్క సదుపాయంలో వాళ్ళ పద్ధతి టెక్సాస్ కౌంటీకి కాస్త దగ్గరగా ఉంది.

ఎక్కడా జవాబు దొరకనప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కోర్టు ఆవరణలోనే కార్యాలయం ఉంటుంది, 15100 నంబరుకు ఫోను చేసినా పలుకుతారు. 1987 నాటి చట్టం 12వ సెక్షను ప్రకారం నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. వారి వకీళ్ళు జైళ్ళకు వెళ్తుంటారు కనుక లోపల ఎవరున్నారో కనుక్కోగలరు. డబ్బు లేనివారికే ఆ కార్యాలయం అనుకుని చాలామంది అటు వైపు చూడరు, అది సరికాదు. రెండోది సమాచార హక్కు చట్టం. 2005 నాటి ఆ చట్టం 7(1) సెక్షను ప్రకారం మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తులో ఆ సెక్షను పేరెత్తి, "వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించినది" అని పై వరుసలోనే రాయాలి. లేకపోతే మామూలు ముప్పై రోజుల దొంతరలో కలిసిపోతుంది. ఒడిశాలో ఈ దరఖాస్తు ఫారం ఎ మీద పెట్టాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. దర్యాప్తుకు అడ్డు వస్తుందన్న కారణంతో కొన్ని వివరాలు నిరాకరించవచ్చు గాని, మనిషిని అరెస్టు చేశారా లేదా, ఎక్కడ ఉంచారు అన్నది బోర్డు మీద రాయవలసిన సంగతే కనుక ఆ మాట కోసం పట్టుబట్టవచ్చు.

బయట పెట్టకూడనివి కూడా ఉన్నాయి, ఎవరడిగినా నేను చెప్పనివి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలను జైలుకు పంపరు, బాలల న్యాయ మండలి ముందుకు తీసుకెళ్తారు. వారి పేరు, ఊరు, బడి బయట పెట్టడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను కింద నేరం. లైంగిక నేరాల్లో బాధితుల వివరాలూ అంతే. పెళ్ళి సంబంధం వాళ్ళు అడిగారని ఫలానా కుర్రవాడి మీద కేసులున్నాయేమో చూసి పెట్టమని వచ్చేవారున్నారు. వెబ్‌సైటులో అందరికీ కనిపించేదాన్ని వాళ్ళే చూసుకోవచ్చు, నేను మాత్రం చూడను. అరెస్టు ఒక ఆరోపణ మాత్రమే. పోలీసులు విలేఖరుల ముందు వరుసగా నిలబెట్టి తీయించే ఫొటోలు చూసినప్పుడల్లా, షెరీఫ్ వెబ్‌సైటులోని ఫొటోలు మనకు రాకపోవడం మేలే అనిపిస్తుంది.

కేసు కొట్టేసిన తరువాత కూడా పేరు ఈ-కోర్ట్స్‌లో కనిపిస్తూనే ఉంటుంది, పక్కన "డిస్పోజ్డ్" అని మాత్రం ఉంటుంది. పాస్‌పోర్టుకో, జేకేపూర్ కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికో పోలీసు వెరిఫికేషను జరిగినప్పుడు ఠాణా రికార్డులో పాత అరెస్టు బయటపడుతుంది, విడుదల సంగతి అందులో ఎక్కకపోయి ఉండవచ్చు. అందుకని తీర్పు వచ్చిన వెంటనే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించి, ఒకటి ఇంట్లో ఉంచుకుని, ఇంకొకటి ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకోమని మా కక్షిదారులకు చెబుతాను. దరఖాస్తు మీద రాయవలసినవి జి.ఆర్. నంబరు, పి.ఎస్. నంబరు, సంవత్సరం, తీర్పు తేదీ. కాపీ సెక్షను కిటికీ దగ్గర ఉదయం పూట రద్దీ తక్కువ.